ఒకే మోడల్ హార్డ్ డిస్కులు వరసగా పోతున్నాయి, ‘మేడ్ ఇన్ థాయ్‌లాండ్’ వల్లేనా?

కావలి నుంచి అడిగిన స్టూడియో మిత్రుడి ప్రశ్న క్లుప్తంగా ఇదీ. రెండేళ్ల కింద ఒకే షాపులో, ఒకే రోజు, ఒకే మోడల్ 4 టీబీ హార్డ్ డిస్కులు నాలుగు కొన్నారు. పెళ్లి వీడియోలన్నీ వాటిలోనే. ఇప్పుడు నెల తిరగకుండా వరసగా రెండు పోయాయి. ఒకటి బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే డిస్కులను వెతికే ప్రోగ్రాం) అసలు కనపడటం లేదు, రెండోది మోడల్ పేరు చూపిస్తుంది గానీ సైజు సున్నా అంటుంది. టకటక శబ్దం ఏమీ లేదు, మామూలుగానే తిరుగుతున్నాయి. రెండింటి మీదా థాయ్‌లాండ్ అని ఉంది, షాపాయనేమో ‘థాయ్‌లాండ్ మాల్ అంతే సార్, ఈసారి చైనాది ఇస్తా’ అన్నాడు. అది నిజమేనా, డిస్క్ కింద ఉండే బోర్డు మారిస్తే డేటా వస్తుందా, మిగతా రెండింటిని ఏం చేయాలి?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. థాయ్‌లాండ్ కారణం కాదు. ఒకే మోడల్, ఒకే ఫర్మ్‌వేర్ (డిస్క్‌ను నడిపే లోపలి ప్రోగ్రాం), ఒకే లాట్ కావడం మీద అనుమానపడండి. మీరు చెప్పిన లక్షణాలు ఫర్మ్‌వేర్ దెబ్బతిన్నప్పుడు కనిపించేవే, కాబట్టి డేటా లోపల ఉండే అవకాశం బాగానే ఉంది. బోర్డు ఊరికే మారిస్తే రాదు. పోయిన రెండింటికీ ఇక కరెంటు ఇవ్వకండి. బతికున్న రెండింటిలోని డేటాను ఈ రోజే వేరే కంపెనీ డిస్క్‌లోకి తీయండి. చదవడానికి టైం లేకపోతే ఇంతవరకు చదివి ఆ పని మొదలుపెట్టండి, మిగతాది కాపీ అవుతుండగా చదవొచ్చు.

ఇప్పుడు ఎందుకో చెప్తాను. నేను నెల్లూరులో చాలా ఏళ్లుగా హార్డ్ డిస్కుల రికవరీ పని చేస్తున్నాను, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా స్టూడియోల వాళ్లు, హేచరీల వాళ్లు, గ్రానైట్ ఆఫీసుల వాళ్లు తెచ్చేవే ఎక్కువ. మీ ప్రశ్న లాంటిది తరచూ వింటాను.

ఫర్మ్‌వేర్ అంటే డిస్క్ తనను తాను నడుపుకునే ప్రోగ్రాం. అందరూ అది కింద ఉన్న పచ్చ బోర్డులోనే ఉంటుందనుకుంటారు, కానీ బోర్డు మీద చిన్న చిప్‌లో ఉండేది కొంతే. ఎక్కువ భాగం లోపల తిరిగే పళ్లేల మీదే, మనకు కనపడని ఒక చోట రాసి ఉంటుంది. దాన్ని సర్వీస్ ఏరియా అంటారు. కరెంటు ఇవ్వగానే బోర్డు చిప్ లేస్తుంది, మోటారు తిరుగుతుంది, హెడ్లు, అంటే డేటాను రాసి చదివే చిన్న ముక్కలు, పళ్లేల మీదకు వెళ్లి ఆ సర్వీస్ ఏరియాలోని ముక్కలను ఒక్కొక్కటిగా చదువుతాయి. ఫ్యాక్టరీలోనే పాడైనవని తేలిన సెక్టార్ల (డేటా రాసే చిన్న చిన్న గడుల) జాబితా, వాడకంలో పాడైన వాటి జాబితా, స్మార్ట్ లాగులు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు), ఇంకా ట్రాన్స్‌లేటర్ అని ఒకటి. విండోస్ ఫలానా నంబరు సెక్టార్ కావాలని అడిగితే అది పళ్లెం మీద నిజంగా ఎక్కడుందో లెక్కగట్టి చెప్పేది ఈ ట్రాన్స్‌లేటరే.

ఈ ముక్కల్లో ఒకటి చదవలేకపోయినా, ప్రోగ్రాంలో తప్పుండి ఎక్కడో ఇరుక్కుపోయినా, డిస్క్ ‘బిజీ’ అంటూ ఉండిపోతుంది. బయోస్ కాసేపు చూసి వదిలేస్తుంది. మీ మొదటి డిస్క్ అలాంటిదై ఉండొచ్చు. ట్రాన్స్‌లేటర్ ఒక్కటే పాడైతే డిస్క్ పేరు చెప్తుంది గానీ సైజు సున్నా అంటుంది, అది మీ రెండోది. రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజులన్నీ బీరువాల్లో భద్రంగా ఉండి ఇండెక్స్ పుస్తకం ఒక్కటి కనపడకపోతే ఎట్లా ఉంటుందో అట్లా అన్నమాట.

ఇక ఊరి పేరు సంగతికొద్దాం. ఇక్కడ కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే ఈ నమ్మకం వల్ల జనం తప్పు చోట జాగ్రత్త పడి అసలు చోట పడటం లేదు.

2008 చివర్లో, 2009 జనవరిలో సీగేట్ బారకూడా 7200.11 డిస్కులు ప్రపంచమంతా వరసగా పోయాయి. అదే లక్షణం, నిన్న బాగున్న డిస్క్ ఈ రోజు కంప్యూటర్ వేయగానే బయోస్‌లో లేదు. కొన్ని మీ దాని లాగే సైజు సున్నా చూపించాయి. ఎక్కువగా ఎస్‌డి15 అనే ఫర్మ్‌వేర్ ఉన్నవి. అప్పుడు కూడా జనం లేబుళ్లు తిప్పి చూసి, థాయ్‌లాండ్ అని కనపడగానే అక్కడి మాలే చెడ్డదని తేల్చేశారు. అసలు కారణం వేరే. డిస్క్ తన లోపల జరిగిన సంగతులను ఒక లాగ్‌లో వరసగా రాసుకుంటుంది. ఆ లాగ్ ఎక్కడ ముగియాలో చెప్పే హద్దు లెక్కలో ఒకటి తప్పింది. లాగ్ లెక్క సరిగ్గా 320 దగ్గర గానీ, దాని మీద 256 చొప్పున పెరిగే అంకెల దగ్గర గానీ ఉండగా పవర్ ఆన్ చేస్తే ఫర్మ్‌వేర్ ఆ హద్దు దాటేస్తుంది, తప్పు జరిగిందని తనే గుర్తించి ఆగిపోతుంది. ఆగిపోయాక ఆ లెక్క ఇక ముందుకు కదలదు కాబట్టి ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా అక్కడే ఆగుతుంది.

అయితే ఆ ఫర్మ్‌వేర్ ఉన్న ప్రతి డిస్కూ పోలేదు. ఇంకో షరతు కూడా కలవాలి. ఫ్యాక్టరీలో టెస్టు చేసేటప్పుడు ఒక రకం టెస్టింగ్ మెషీన్ ఆ సర్వీస్ ఏరియా ట్రాకుల మీద ఒక ప్రత్యేకమైన డేటాను మిగిల్చి ఉండాలి. ఆ మెషీన్ మీద పరీక్షించిన డిస్కులకే ఈ గండం, పక్క మెషీన్ మీద పరీక్షించిన వాటికి లేదు. అంటే తయారైన చోటుకి సంబంధం ఉంది, లేదనను. కానీ ఆ సంబంధం దేశంతో కాదు, ఏ లైనులో, ఏ మెషీన్ మీద, ఏ నెలలో అనే దానితో. లేబుల్ మీద దేశం పేరు ఒక్కటే చూస్తే ఇవేవీ తెలియవు.

ఇంకో సంగతి ఆలోచించండి. డిస్కుల్లో చాలా భాగం థాయ్‌లాండ్‌లోనే తయారవుతాయి. 2011లో అక్కడ వరదలొచ్చి వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీ, మోటార్లు చేసే నిడెక్ ప్లాంట్లు మునిగితే ఆ చివరి నెలల్లో ప్రపంచమంతా డిస్కుల ధరలు ఎగిరిపోయాయి, నెల్లూరు ట్రంకు రోడ్డు షాపుల్లో కూడా స్టాకు లేదు, ఉన్నదానికి చెప్పిందే రేటు. కొన్న డిస్కుల్లో ఎక్కువ థాయ్‌లాండ్‌వి అయినప్పుడు నా టేబుల్ మీదకు పాడై వచ్చేవాటిలో కూడా ఎక్కువ థాయ్‌లాండ్‌వే ఉంటాయి. దాన్ని బట్టి అవి నాసిరకం అనడం న్యాయం కాదు. ఒకే డిస్క్‌లో హెడ్లు ఒక దేశానివి, పళ్లేలు ఇంకో దేశానివి, మోటారు మరో చోటుది ఉంటాయి. లేబుల్ మీద ఉన్నది చివరికి బిగించి పరీక్షించిన చోటు మాత్రమే.

ఇరవై ఏళ్ల కిందట ఇదే మాట హంగరీ మీద ఉండేది. 2000లో వచ్చిన ఐబీఎం డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ డిస్కులు ఎంతగా పోయాయంటే అమెరికాలో కోర్టుకెళ్లారు, హంగరీలో చేసినవే పోతున్నాయని అందరూ చెప్పుకున్నారు. దాదాపు అదే కాలంలో ఫుజిత్సు ఎంపీజీ సిరీస్ డిస్కులు కూడా గుంపులు గుంపులుగా పోయాయి. అక్కడ గొడవ బోర్డు మీది సిరస్ లాజిక్ చిప్‌ది. ఆ చిప్ చుట్టూ పోసే నల్లటి ప్లాస్టిక్‌లో కలిపిన ఎర్ర ఫాస్ఫరస్ వేడికి, తేమకు లోపలి కాళ్ల మధ్య షార్టు చేసేది. డిస్క్ ఎక్కడ బిగించారన్నది ఆ ఫుజిత్సు కొనేవాడికి ఏం ఉపయోగం? తప్పు ఎక్కడో తయారైన చిప్ లోపలి పదార్థంలో ఉంది.

కాబట్టి షాపాయన ‘చైనాది ఇస్తా’ అంటే అదే మోడల్, అదే ఫర్మ్‌వేర్ అయితే మీకు ఒరిగేదేమీ లేదు.

బోర్డు మార్చడం గురించి. యూట్యూబ్‌లో చూసి ఇది చేసేవాళ్లు ఎక్కువయ్యారు, దయచేసి వద్దు. ప్రతి డిస్కుకూ ఫ్యాక్టరీలో దాని సొంత కొలతలు తీస్తారు, ఈ హెడ్డుకు ఎంత కరెంటు, ఎంత సర్దుబాటు అని. అవి బోర్డు మీద సాధారణంగా ఎనిమిది కాళ్ల చిన్న రోమ్ చిప్‌లో ఉంటాయి (ఆర్‌ఓఎం, మెమరీ ర్యామ్ కాదు). వేరే బోర్డు తెచ్చి పెడితే వేరే డిస్కు కొలతలతో మీ హెడ్లను నడుపుతుంది. చాలాసార్లు సర్వీస్ ఏరియానే చదవలేక టకటక కొట్టుకోవడం మొదలవుతుంది. బోర్డు నిజంగా కాలిపోయిన కేసుల్లో కూడా పాత చిప్ తీసి కొత్త బోర్డుకు అతికించాకే పని జరుగుతుంది. మీ డిస్కులు మామూలుగా తిరుగుతున్నాయన్నారు కాబట్టి బోర్డు కాలిపోయిన కేసులా అనిపించడం లేదు. ఒంగోలు నుంచి ఒకాయన ఆన్‌లైన్‌లో బోర్డు తెప్పించి మార్చి, రాలేదని నా దగ్గరికి తెచ్చారు. పాత బోర్డు ఏదండీ అంటే పాత సామాన్ల వాడికి వేసేశానన్నారు. అందులో వాళ్ల నాన్నగారి షష్టిపూర్తి వీడియో ఉంది. ఒక చిన్న చిప్ కోసం అది పోయింది, ఇప్పటికీ ఆ కేసు తలచుకుంటే బాధగా ఉంటుంది.

మా సముద్రం పక్క ఊళ్లలో మాత్రం బోర్డు వైపు ఒకటి చూడాల్సి ఉంటుంది. ఉప్పుగాలికి బోర్డు అడుగున హెడ్లకు కలిసే చోటుండే మెరుపు పూత నల్లబడుతుంది. తుమ్మలపెంట వైపు ఒక రొయ్యల హేచరీ వాళ్ల డిస్క్ ఇలాగే అప్పుడప్పుడూ కనపడి మాయమయ్యేది, ఆ చోట్లు శుభ్రం చేస్తే చక్కగా లేచింది. కానీ వారంటీ ఉంటే ఆ స్క్రూలు కూడా మీరు విప్పకండి, తెలిసినవాళ్ల చేత చేయించండి.

టెర్మినల్ కమాండ్ల గురించి, అంటే డిస్క్ ఫర్మ్‌వేర్‌కు నేరుగా టైపు చేసి ఇచ్చే ఆదేశాల గురించి, ఇంకా గట్టిగా చెప్తాను. 2009 నాటి బారకూడాలను ఒక చిన్న సీరియల్ అడాప్టర్ తగిలించి, ట్రాన్స్‌లేటర్‌ను మళ్లీ కట్టించే నాలుగైదు కమాండ్లు కొట్టి లేపేవాళ్లం, అది అప్పట్లో నిజంగా పనిచేసింది. ఆ వీడియోలు ఇంకా నెట్‌లో తిరుగుతున్నాయి. ఇప్పటి డిస్కుల్లో చాలావాటికి మీడియా క్యాష్ అని ఉంటుంది, రాసిన డేటా ముందు ఒక చోట పడి తర్వాత అసలు చోటికి వెళ్తుంది, ఆ లెక్కంతా ట్రాన్స్‌లేటర్‌తో ముడిపడి ఉంటుంది. పాత కమాండ్ ఇక్కడ కొడితే డిస్క్ లేస్తుంది, సైజు కూడా సరిగ్గా చూపిస్తుంది, తెరిస్తే లోపల చాలా భాగం చెత్త. అప్పుడు నా దగ్గరికి తెచ్చినా, ఇంకెవరి దగ్గరికి తీసుకెళ్లినా వెనక్కి తీసుకురావడం దాదాపు జరగని పని.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వేస్తే లేస్తుందా అని కూడా అడుగుతారు. లేవదు. అప్‌డేట్ అనేది బతికున్న డిస్కుకు రోగం రాకుండా వేసేది, పడిపోయిన డిస్క్ దాన్ని తీసుకునే స్థితిలోనే ఉండదు. బతికున్నదానికి వేసేటప్పుడు కూడా డేటా బయటికి తీశాకే వేయాలి. సీగేట్ 2009లో ఇచ్చిన మొదటి అప్‌డేట్ 500 జీబీ మోడల్ డిస్కుల్ని కొన్నిటిని తనే పడగొట్టింది, దాన్ని వెనక్కి తీసుకుని సరిచేసి మళ్లీ ఇవ్వాల్సొచ్చింది. 2010లో శాంసంగ్ ఎఫ్4 డిస్కుల్లో, రాస్తుండగా స్మార్ట్ సమాచారం అడిగితే ఆ రాసేది పోయే లోపం ఉండేది. దానికి ఇచ్చిన ప్యాచ్ వేశాక కూడా వెర్షన్ నంబరు మారలేదు, వేశామో లేదో చూసి చెప్పే దారే లేదు. అందుకే అప్‌డేట్ వేసిన డిస్క్ మీద తేదీతో సహా మార్కర్‌తో రాసిపెట్టడం నా అలవాటు.

ఇదంతా చదివి ‘సరే, ఎస్‌ఎస్‌డి కొంటే పోలా’ అనుకోకండి. తిరిగే భాగాలు లేకపోయినా వాటికీ ఫర్మ్‌వేర్ ఉంది. 2019 నవంబరులో హెచ్‌పీ ఎంటర్‌ప్రైజ్ వాళ్లు తమ సర్వర్లలోని కొన్ని ఎస్‌ఎస్‌డిలు సరిగ్గా 32,768 గంటలు నడవగానే చచ్చిపోతాయని, ఆ తర్వాత డిస్కూ రాదు, డేటా కూడా రాదని ప్రకటించారు. అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. రెండును పదిహేనుసార్లు హెచ్చిస్తే వచ్చే అంకె అది, గంటలు లెక్కపెట్టే గడి అక్కడికి నిండిపోతుంది. మరుసటి ఏడాది ఇంకో రకానికి 40,000 గంటల దగ్గర అదే పని. క్రూషియల్ ఎం4 అని మనవాళ్లు కూడా బాగా కొన్న ఎస్‌ఎస్‌డి 5,184 గంటలు దాటాక గంట గంటకూ కంప్యూటర్‌ను పడేసేది, 2012 జనవరిలో అప్‌డేట్ ఇచ్చారు, అదృష్టం కొద్దీ దాంట్లో డేటా పోలేదు.

ఆ సర్వర్ల సంగతి చూడండి. నాలుగు డిస్కులను కలిపి రెయిడ్ కట్టారనుకోండి, ఒకటి పోయినా మిగతావి కాపాడతాయన్న ధీమా. నాలుగూ ఒకే రోజు ఆన్ అయ్యాయి కాబట్టి నాలుగూ ఒకే గంటలో పోతాయి. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసులో ఇంత ఖచ్చితంగా కాదు గానీ ఇలాంటిదే చూశాను. ఒకే లాట్ డిస్కులు రెండింటిని, రెండింటిలోనూ ఒకే డేటా పడేలా, అద్దంలా జత చేసి ఎగుమతి బిల్లులన్నీ వాటిలో పెట్టారు. మొదటిది పోయినప్పుడు ఎవరూ గమనించలేదు, రెండోది కూడా పోయాకే ఆఫీసు ఆగింది. రెండు కాపీలు ఉన్నాయా అన్నది ఎంత ముఖ్యమో, ఆ రెండూ వేర్వేరు రకం డిస్కుల మీద ఉన్నాయా అన్నదీ అంతే ముఖ్యం. నెల్లూరులో రొట్టెల పండుగ వీడియోలు ఏటా తీసే ఒక స్టూడియో ఆయన ప్రతి ఈవెంటునూ ఒక కంపెనీ డిస్క్‌లోకి, ఇంకో కంపెనీ డిస్క్‌లోకి తీసి, రెండోదాన్ని ఇంట్లో పెడతారు. ఆయన డిస్కులూ పోయాయి, కానీ ఏ కస్టమరుకూ ‘వీడియో లేదండీ’ అని చెప్పే పరిస్థితి ఆయనకు రాలేదు.

ఇక మీ కేసుకు. మీ రెండింటిదీ ఫర్మ్‌వేరే అని ఇక్కడి నుంచి నేను ఖాయంగా చెప్పలేను. శబ్దం లేకపోయినా ఒక హెడ్ నీరసపడి సర్వీస్ ఏరియా చదవలేకపోతే బయటికి ఇవే లక్షణాలు కనపడతాయి, ఆ తేడా పీసీ3000 లాంటి రికవరీ మెషీన్‌కు తగిలిస్తేనే తెలుస్తుంది. మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దన్నది కూడా ఇందుకే. నీరసపడ్డ హెడ్ ప్రతి ప్రయత్నంలోనూ ఇంకాస్త పోతుంది, చివరికి పళ్లెం గీసుకుపోతే ఎవరూ ఏమీ చేయలేరు. ఫార్మాట్ చేయమని విండోస్ అడిగితే ఒప్పుకోవద్దు, రికవరీ సాఫ్ట్‌వేర్లు కూడా దండగ, డిస్క్ సైజే చెప్పనప్పుడు సాఫ్ట్‌వేర్ దేన్ని చదువుతుంది.

రికవరీకి ఇచ్చేటప్పుడు ముందు ‘ఫర్మ్‌వేరా, హెడ్లా’ అని అడిగి తెలుసుకోండి. ఫర్మ్‌వేర్ పనికి డిస్క్ తెరవక్కర్లేదు, ఖర్చు కూడా హెడ్లు మార్చేదాని కంటే బాగా తక్కువ. తెరిచి చూడాలి అంటే క్లీన్ రూమ్ ఉందా అని అడగండి, ఫ్యాన్ కింద టేబుల్ మీద విప్పేవాడికి మాత్రం ఇవ్వకండి. వారంటీ ఉందని ముందే కంపెనీకి పంపితే డిస్క్ మార్చి ఇస్తారు, మీ డేటా మీకు రాదు. డేటా తీసుకున్నాకే వారంటీ సంగతి.

బతికున్న రెండింటికి ఇలా చేయండి. ప్రస్తుతం ఆన్‌లో ఉంటే కాపీ పూర్తయ్యేదాకా ఆఫ్ చేయకండి, రీస్టార్ట్ కూడా వద్దు, యూపీఎస్ మీద పెట్టండి, ఎందుకంటే ఈ రకం లోపాలు చాలావరకు పవర్ ఆన్ అయ్యేటప్పుడే బయటపడతాయి. డెలివరీ ఇవ్వని పెళ్లిళ్లు ముందు, పాతవి తర్వాత. కాపీ అయ్యాక రెండు మూడు ఫైళ్లు తెరిచి చివరిదాకా ప్లే చేసి చూడండి. ఆ తర్వాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాంలో ఫర్మ్‌వేర్ వెర్షన్, ఎన్ని గంటలు నడిచింది, పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమవుతున్నవి) ఎన్ని అన్నవి రాసుకోండి. లేబుల్ మీద మోడల్ నంబరు, పార్ట్ నంబరు, తయారీ తేదీ, సైట్ కోడ్ (ఏ ఫ్యాక్టరీలో చేశారో చెప్పే అక్షరాలు) ఉంటే అదీ. సీగేట్ లేబుళ్ల మీద టీకే అంటే థాయ్‌లాండ్‌లోని కోరాట్, డబ్ల్యూయూ అంటే చైనాలోని వూషీ. అన్నీ పోయిన రెండింటితో పోల్చండి. సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో కొడితే ఆ డిస్కుకు అప్‌డేట్ ఉందో లేదో తెలుస్తుంది. నాలుగింటికీ పార్ట్ నంబరు, ఫర్మ్‌వేర్ ఒకటే అయితే ఆ రెండింటినీ ఇక ముఖ్యమైన పనికి వాడకండి, స్మార్ట్ రిపోర్టు ఎంత బాగున్నా సరే. స్మార్ట్ అనేది పళ్లేలు, హెడ్ల అరుగుదలను కొలుస్తుంది, ప్రోగ్రాంలో ఉన్న తప్పు దానికి కనపడదు.

ఆ వివరాలు నాలుగు డిస్కులవీ ఇక్కడ రాయండి, సీరియల్ నంబర్లు మాత్రం పెట్టొద్దు. మోడల్, ఫర్మ్‌వేర్ తెలిస్తే ఆ కుటుంబం డిస్కుల్లో రికవరీకి ఏది ముందు ప్రయత్నించాలో, మీరు ఇచ్చే షాపు వాళ్లను ఏం అడగాలో వివరంగా చెప్తాను. సున్నా సైజు చూపిస్తున్నదాన్ని ముందు రికవరీకి ఇవ్వండి, లోపం ఫర్మ్‌వేర్‌దే అయితే రెండింటిలో అది సులువుగా వచ్చే అవకాశం ఎక్కువ.